ఏకగ్రీవ చాయ్

కొడుకు పర్మనెంటయ్యాడని కొమురెల్లి ఉప్పల్‌లో తమ గల్లీ అంతా చెప్పుకున్నాడు. దుర్గేష్ అప్పటికింకా పర్మనెంటు కాలేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద ట్రెయినీ సూపర్‌వైజరు. కాంట్రాక్టు గడువు దగ్గరపడినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. కానీ కొమురెల్లి ఎంతకాలమని ఆగుతాడు? జనగామ వైపు నుంచి బతకొచ్చి, మౌలాలి గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసి, కొడుకును బీకాం దాకా చదివించాడు. వాళ్ళ ఇంటావంటా డిగ్రీ చదివినవాడు దుర్గేష్ ఒక్కడే. పక్కింటివాళ్ళు అడిగారు, కొమురెల్లి నోరు జారాడు. జారినవాడు అక్కడితో ఊరుకోక మర్నాడు భార్య సారలమ్మ చేత భక్ష్యాలు చేయించి ఇంటింటికీ పంచాడు. పంచిన భక్ష్యాలు వెనక్కి అడగలేరు కనుక, దుర్గేష్ ఎలాగైనా పర్మనెంటు కావడం తప్ప వేరే దారి లేకపోయింది.

కంపెనీ మేనేజరు రామ్మోహనరావుకు మరో బాధ ఉంది. చాయ్ గంట కొట్టగానే జనం గేటు బయటికి పోతారు. గేటు పక్కనే సత్యవేణి చాయ్ బండి. ఆమె దగ్గర ఇలాచి చాయ్, అల్లం చాయ్, నీటిచుక్క తగలని పాలతో కాచే స్పెషల్ ఉంటాయి. పోయినవాళ్ళు చాయ్ తాగి రావచ్చు కదా? రారు. ఎందుకంటే అక్కడ ఎవరూ ఒక్కరే తాగరు. వన్ బై టూ తాగుతారు. ఒక చాయ్ చెప్తే సత్యవేణి రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తుంది. ఆ సగం చాయ్‌ని ఎంతసేపు తాగొచ్చో, దాని మీద ఎన్ని మాటలు మాట్లాడొచ్చో కొలిచే గడియారం రామ్మోహనరావు దగ్గర లేదు.

అందుకని ఆయన హెడ్డాఫీసుకు రాసి రాసి ఒక చాయ్ మిషన్ మంజూరు చేయించుకున్నాడు. షెడ్డు లోపలే పెడతారు. మీట నొక్కితే కప్పులో చాయ్ పడుతుంది. దానికి ఒకటే టాంకీ, కనుక ఒకటే రకం చాయ్. ఆ ఒక్క రకం ఏదో కార్మికులే ఎంచుకోవాలని హెడ్డాఫీసు షరతు పెట్టింది.

అవి టీవీల్లో పొద్దున లేస్తే ఏకాభిప్రాయం గురించే మాట్లాడుతున్న రోజులు. రాష్ట్రం ఇయ్యాలంటే ఏకాభిప్రాయం కావాలనేవారు కొందరు, ఇవ్వొద్దన్నా ఏకాభిప్రాయమే కావాలనేవారు ఇంకొందరు. ఉప్పల్ చౌరస్తాలో రాస్తారోకో ఉన్న రోజు కంపెనీలో సగం షిఫ్టే నడిచేది. ఆ గొడవ సంగతి ఎలా ఉన్నా, మాట మాత్రం రామ్మోహనరావుకు నచ్చింది. దుర్గేష్‌ని పిలిచి కూర్చోమన్నాడు. ట్రెయినీని కూర్చోమనడం ఆ కేబిన్‌లో అదే మొదలు.

"చూడవయ్యా, ఓటింగులూ గీటింగులూ వద్దు. ఓడినవాళ్ళు మళ్ళీ గేటు బయటికే పోతారు. అందరూ ఒకే చాయ్ పేరు చెప్పాలి. ఆ మాట నువ్వు తీసుకురా, నీ పర్మనెంటు కాగితం నేను తీసుకొస్తాను."

దుర్గేష్ లేచి నిలబడి సరేనన్నాడు. ఏ పని చెప్పినా సరేనని, చెప్పిన దానికంటే శ్రద్ధగా చేయడం అతని అలవాటు. ఈసారి కూడా శ్రద్ధగానే చేశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పిన లెక్చరరు ఒక మాట నూరిపోశాడు. మనిషి అభిప్రాయం అడిగేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండకూడదు, ఉంటే మొహమాటానికి మాట మారుస్తాడు అని. దుర్గేష్ ఆ సూత్రం మరిచిపోలేదు. అందరినీ ఒక్కొక్కరినే స్టోర్ రూములోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, మీకు అన్నిటికంటే ఇష్టమైన చాయ్ ఏదని అడగడం మొదలుపెట్టాడు. అతను ఎప్పుడూ వన్ బై టూ తాగలేదు. పనివాళ్ళతో పంచుకోవడానికి సూపర్‌వైజరు, ఆఫీసువాళ్ళతో పంచుకోవడానికి ట్రెయినీ. బండి దగ్గర ఓ పక్కన నిలబడి ఫుల్ చాయ్ ఒక్కడే తాగి వచ్చేవాడు. జోడీల సంగతి అతనికి చూడటమే గాని తెలియదు.

మౌల్డింగులో హనుమాండ్లు, శివశంకర్ ఒక జోడీ. హనుమాండ్లు మిషన్‌లోంచి వేడి బకెట్ తీస్తాడు, శివశంకర్ దాని అంచు బ్లేడుతో కోసి నున్నగా చేస్తాడు. కంపెనీ పెట్టినప్పటి నుంచి ఇద్దరూ ఒకే మిషన్ మీద, ఒకే చాయ్ మీద ఉన్నారు. హనుమాండ్లు స్టోర్ రూములోకి వచ్చి నిలబడే చెప్పాడు.

"స్పెషల్ సార్. నేనూ శివశంకర్ గదే తాగుతం. ఇగ ఆయనను విలిచి అడిగే పనిగూడ లేదు."

అయినా దుర్గేష్ పిలిచాడు. శివశంకర్ లోపలికి వచ్చి, తలుపు సరిగా పడిందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు.

"నాకైతే అల్లం చాయ్ సార్. స్పెషల్ తాగితే కడుపుల బరువు పెట్టినట్టైతది. గని ఆయన స్పెషల్ చెప్తడు, నేను తాగుత. జర ఆయనకు తెల్వనియ్యకుండ్రి."

తెలియనివ్వనని దుర్గేష్ మాటిచ్చాడు. ప్యాకింగులో సక్కుబాయి ఇలాచి చాయ్ అన్నది. ఆమె జోడీ త్రివేణి, ఇలాచి వాసనకు తనకు తలనొప్పి వస్తుందనీ, అల్లం చాయ్ అయితే ప్రాణం లేచి వచ్చినట్టుంటుందనీ చెప్పి, అక్కకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఒక్కొక్కరు లోపలికి వస్తుంటే దుర్గేష్‌కు ఆశ్చర్యం పెరిగింది. జోడీలో ఒకరు నోరు తెరిచి చాయ్ చెప్పే మనిషి, రెండోవారు నోరు మూసుకుని తాగే మనిషి. షెడ్డు షెడ్డంతా ఇదే కథ. తలుపు వేసి అడగకపోతే ఈ నిజం బయటికి వచ్చేదా అని అతను తన చదువును తానే మెచ్చుకున్నాడు.

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు కనుక, మర్నాడు భోజనాల వేళ అందరినీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పేటప్పుడు ఒక్కరి పేరూ బయటపెట్టలేదు. మౌల్డింగులో స్పెషల్ ఇష్టమైనది ఒక్కరికేనని మాత్రం చెప్పాడు.

మౌల్డింగులో స్పెషల్ చాయ్ తాగే జోడీ ఒకటే ఉంది. అందరి తలలూ శివశంకర్ వైపు తిరిగాయి. హనుమాండ్లు తల మాత్రం తిరగలేదు. అతను సద్దిగిన్నె మూత పెట్టేశాడు. లోపల సగం అన్నం అలాగే ఉంది.

ప్యాకింగులో ఇలాచి ఇష్టమైనది ఒక్కరికేనన్న మాట దుర్గేష్ నోట్లోంచి వచ్చేసరికి సక్కుబాయి లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బండి దగ్గర హనుమాండ్లు ఫుల్ స్పెషల్ చెప్పాడు. సత్యవేణి చెయ్యి అలవాటు మీద రెండు గ్లాసుల్లో పోసింది. అతను రెండూ తన ముందే పెట్టుకున్నాడు. శివశంకర్ అక్కడే నిలబడ్డాడు.

"గిన్నేండ్ల సంది కడుపుల బరువు వెట్టుకొని తాగినవా?" అన్నాడు హనుమాండ్లు. "నాకొక్క మాట చెప్పకపోతివి. సార్‌కు చెప్తివి."

"నీకు చెప్తే నువ్వు అల్లం చాయ్ చెప్పుతుంటివి. నీకు అల్లం వడదాయె."

"వడకపోతే నేను తాగకపోదునా?"

"తాగుతుంటివి బావా. గందుకే చెప్పలే."

దీనితో మనసు కరగాల్సింది పోయి హనుమాండ్లుకు ఇంకా మండింది. ఇన్నేళ్ళూ త్యాగం చేసే అవకాశమంతా అవతలివాడే ఊడ్చుకుపోయాడని అతని బాధ. తను స్పెషల్ తాగిస్తున్నాననుకుంటే, వాడు తనమీద దయ చూపిస్తున్నాడు. ఏ మగవాడు తట్టుకుంటాడు?

రెండో రోజుకు మిషన్ మీద మాటల్లేవు. హనుమాండ్లు బకెట్ తీసి, అందియ్యకుండా కింద పెట్టేవాడు. శివశంకర్ అది చల్లారాక తీసుకునేవాడు. చల్లారిన అంచు సరిగా తెగదు. అంచులు పళ్ళు పళ్ళుగా ఉన్న బకెట్లు గోడవారగా గుట్ట పడ్డాయి. ప్యాకింగులో సక్కుబాయి మూతలు ఒక మూల, త్రివేణి డబ్బాలు ఇంకో మూల. రామ్మోహనరావు గుట్టను చూశాడు, దుర్గేష్‌ను చూశాడు. ఈసారి కూర్చోమనలేదు. హెడ్డాఫీసు నుంచి మిషన్ బిగించే మనుషులు వచ్చేలోగా చాయ్ తేలాలనీ, తేలకపోతే పర్మనెంటు మాట దేవుడెరుగు, కాంట్రాక్టు కూడా పొడిగించేది లేదనీ చెప్పాడు.

దుర్గేష్ ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొమురెల్లి నెత్తి కొట్టుకున్నాడు.

"జోడీని ఇడదీసి అడుగుతరార ఎవలన్న? ఆలుమగలను ఎడమెడం కూసుండవెట్టి, నీకు ఈ సంసారం ఇష్టమేనా అని అడిగినట్టున్నది."

"నన్నెవలన్న అడిగితె బాగుండు," అన్నది పొయ్యి దగ్గర్నుంచి సారలమ్మ. "లగ్గమైనకాడికెళ్ళి నీ చక్కెర పాకమే తాగుతున్న."

కొమురెల్లి లేచి బయటికి వెళ్ళి, చౌరస్తా దాకా తిరిగి వచ్చాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో చాయ్ పెట్టలేదు.

దుర్గేష్ మర్నాడు నేరుగా హనుమాండ్లు దగ్గరికి పోయి, తప్పు తనదేనని ఒప్పుకుని, పోనీ అందరూ అల్లం చాయ్‌కి ఒప్పుకుంటే గొడవ వదిలిపోతుంది కదా అని బతిమాలాడు. హనుమాండ్లు అంతకు ముందే ఆ పని చేసి ఉన్నాడు. ఇప్పటి నుంచి తన ఇష్టం అల్లం చాయేనని, ఎవడి దయా తనకు అక్కర్లేదని అందరిముందూ చెప్పాడట. దుర్గేష్ సంతోషంగా శివశంకర్ దగ్గరికి వెళ్ళాడు. శివశంకర్ కూడా రాత్రంతా ఆలోచించి మనసు మార్చుకున్నాడు. ఆయనకు లేని అల్లం తనకెందుకని, తన ఇష్టం ఇప్పుడు స్పెషల్ అన్నాడు. ప్యాకింగులో సక్కుబాయి అల్లానికి, త్రివేణి ఇలాచికి మారారు. షెడ్డులో ఎవరి చాయ్ మీద వాళ్ళు నిలబడకుండా ఎదుటివాళ్ళ చాయ్ మీద నిలబడ్డారు. చీలిక మాత్రం అంతే ఉంది, అటుదిటు అయింది. దుర్గేష్ చదివిన స్టాటిస్టిక్స్‌లో దీనికి పాఠం లేదు.

చివరికి ఇంకోసారి అందరినీ కూర్చోబెట్టాడు. ఈసారి లెక్కలేవీ చెప్పలేదు. ఈ చాయ్ తేలకపోతే తన ఉద్యోగం పోతుందని, ఇంట్లో నాన్న ఇప్పటికే భక్ష్యాలు పంచాడని ఉన్నమాట చెప్పి నిలబడ్డాడు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. అల్లం అంటే ఒకరు మూతి ముడిచారు, ఇలాచి అంటే ఇంకొకరు, స్పెషల్ అంటే హనుమాండ్లు లేచి పోబోయాడు. సక్కుబాయికి విసుగు పుట్టింది.

"ఏ చాయ్ అన్నా ఎవలకో ఒకలకు మనసున వడ్తది. ఎవ్వలకూ ఇష్టం లేనిదేదన్న ఉంటె చెప్పు సార్, గదే వెట్టుకుందాం. పీడ వోతది."

దుర్గేష్ ఆలోచించాడు. స్టోర్ రూములోకి వచ్చినవాళ్ళలో ఒక్కరూ పేరెత్తని చాయ్ ఒకటుంది. పాలు లేని లెమన్ చాయ్. అది ఆఫీసులో రామ్మోహనరావు ఒక్కడే తాగుతాడు, అదీ డాక్టరు చెప్పాడని.

లెమన్ చాయ్ అనగానే చేతులు లేచాయి. హనుమాండ్లు చేయి ఎత్తే ముందు, చాలా రోజుల తర్వాత, శివశంకర్ మొహంలోకి చూశాడు.

"నీకు ఇష్టమా గది?"

"అస్సల్ లేదు. నీకు?"

"థూ."

ఇద్దరూ చేతులెత్తారు. త్రివేణి జరిగి సక్కుబాయి పక్కన కూర్చుంది. అలా నాచారం యూనిట్‌లో ఏకాభిప్రాయం కుదిరింది.

రామ్మోహనరావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పాల గొడవ లేదు, ఆరోగ్యానికి మంచిది, పైగా తనకు డాక్టరు చెప్పిన చాయే కార్మికులకు మనసు చెప్పింది. మిషన్ మీద 'మా కార్మికుల ఏకగ్రీవ ఎంపిక' అని రంగు అక్షరాల్లో రాయించాడు. కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదం తీసుకున్నట్టు తలా ఒక కప్పు తాగి, కప్పులు డబ్బాలో వేసి, అందరూ వరసగా గేటు బయటికి వెళ్ళారు. అక్కడ హనుమాండ్లు అల్లం చెప్పబోయాడు, శివశంకర్ స్పెషల్ చెప్పబోయాడు, వాదన ముదరకముందే సత్యవేణి ఇద్దరికీ ఇలాచి పోసిచ్చింది. అది ఇద్దరికీ అంత ఇష్టం లేదు. ఇద్దరూ హాయిగా తాగారు.

మిషన్‌కు ఒక గుణం ఉంది. ఎన్ని కప్పులు పోసిందో అదే లెక్కపెట్టుకుని హెడ్డాఫీసుకు చెప్తుంది. కొబ్బరికాయ కొట్టిన రోజు తర్వాత అది చెప్పడానికి ఏమీ లేకపోయింది. రామ్మోహనరావు దుర్గేష్‌ని పిలిచాడు. పర్మనెంటు కాగితం టైపయి బల్లమీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"అందరికీ ఇష్టమన్నావు. ఒక్కడూ తాగడేం?"

"అందరికీ ఇష్టమని నేననలేదు సార్. అందరూ ఒకే మాట మీదున్నరన్న. అది ఎవ్వరికీ ఇష్టం లేదు సార్, గందుకే ఒక్కమాట మీదికి వచ్చిన్రు."

రామ్మోహనరావు చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. ఆ మాట తనతో అన్నాడు సరే, ఏకగ్రీవమని హెడ్డాఫీసుకు రాసిన తను ఇప్పుడు ఏమని రాయాలని అడిగాడు. మిషన్ నడవడం మొదలైన రోజు సంతకం పెడతానని మేనేజరు కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు.

దుర్గేష్ ఆ రోజు నుంచి మిషన్‌ను తనే నడిపాడు. పొద్దున వచ్చీ రాగానే ఒకటి, టిఫిన్ ముందు ఒకటి, తర్వాత ఒకటి, అలా షిఫ్టు అయ్యేదాకా. పళ్ళు జివ్వుమనేవి, కడుపు పులిసిపోయేది. ఇంట్లో సారలమ్మ వండిన పచ్చిపులుసు చూసి లేచి వెళ్ళిపోయాడు. ఒకరోజు మిషన్ పక్కన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని కప్పు ఎత్తుతుండగా సక్కుబాయి చూసింది. మర్నాడు చాయ్ గంట కొట్టగానే జనం గేటు వైపు కాకుండా ముందు మిషన్ వైపు వచ్చారు. శివశంకర్ అలవాటు ప్రకారం ఒకే కప్పు నింపి సగం ఇవ్వబోతే హనుమాండ్లు కసిరాడు.

"ఇక్కడ వన్ బై టూ నడ్వదుర. మనిషికొకటి ఒత్తు. సార్ నౌకరీ ఉన్నది దీన్ల."

కొందరు ముక్కు మూసుకుని తాగారు. కొందరు వెళ్తూ వెళ్తూ గోడ పక్క గన్నేరు చెట్టుకు పోశారు. మిషన్‌కు ఆ తేడా తెలియదు. రోజురోజుకూ లెక్క పెరిగింది. రాత్రి షిఫ్టువాళ్ళకు కూడా సంగతి తెలిసి, వాళ్ళు పోటీకి దిగారు. గన్నేరు ఆకులు పసుపు పచ్చబడ్డాయి. దుర్గేష్ కడుపు మాత్రం నెమ్మదించింది. అందరికీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది కానీ, సూపర్‌వైజరు కనుక ఊరుకున్నాడు.

చివరికి రామ్మోహనరావు పిలిచి, కూర్చోబెట్టి, కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. దుర్గేష్ పర్మనెంటయ్యాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఆరకముందే మేనేజరు రెండో కాగితం తీశాడు. నాచారం యూనిట్‌లో లెమన్ చాయ్ మీద ఉన్న మక్కువ చూసి హెడ్డాఫీసు ముచ్చటపడిందట. ప్యాకింగుకు ఇంకో మిషన్ పంపుతోంది. కార్మికులకు ఇష్టమైన చాయ్ లోపలే దొరుకుతున్నది కనుక చాయ్ వేళ ఎవరూ గేటు దాటి పోకూడదు. ఆ సమయంలో గేటుకు తాళం వేసే బాధ్యత పర్మనెంటు సూపర్‌వైజరుది.

మర్నాడు గంట కొట్టేసరికి దుర్గేష్ గేటు దగ్గర ఉన్నాడు. తాళం వేశాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. జనం వచ్చి ఆగారు. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎవరి దయవల్ల ఆ తాళం పడిందో అందరికీ తెలుసు, అది వాళ్ళ దయే. సత్యవేణి బయట గరిట పట్టుకుని చూస్తోంది.

దుర్గేష్ కాగితం తీసి మళ్ళీ చదివాడు. అతను ఏదైనా శ్రద్ధగా చదివే మనిషి.

"గేటు దాటి ఎవలూ పోవద్దని ఉన్నది," అన్నాడు మెల్లగా. "చాయ్ లోపలికి రావద్దని లేదు."

సత్యవేణికి రెండోసారి చెప్పే పని పడలేదు. బండిని గేటు ఊచలకు ఆనించింది. ఊచల సందుల్లోంచి గ్లాసులు లోపలికి రాసాగాయి. తాళం తాళంలాగే ఉంది. అటునుంచి చేతులు, ఇటునుంచి చేతులు. మేనేజరు కేబిన్ కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర జనం బుద్ధిగా లోపలే నిలబడి ఉన్నారు.

ఆ రోజు శివశంకర్ రాలేదు, ఊళ్ళో ఎవరిదో దినమని సెలవు పెట్టాడు. హనుమాండ్లు ఒక్కడే ఊచలు పట్టుకుని నిలబడి, పక్కనున్న దుర్గేష్ వైపు చూశాడు. సార్ అని పిలవబోయి మానుకున్నాడు.

"వన్ బై టూ చెప్పుదమా తమ్మీ? నీకేది ఇష్టం?"

దుర్గేష్‌కు మీగడ వాసన చిన్నప్పటి నుంచీ పడదు. ఇంట్లో పాల గిన్నె దగ్గరికి కూడా పోడు.

"స్పెషల్," అన్నాడు.

"నిజంగనా?"

"నిజంగనే అన్నా."

హనుమాండ్లు మొహం విప్పారింది. సత్యవేణి ఒక స్పెషల్‌ను రెండు గ్లాసుల్లో పోసి ఊచల్లోంచి అందించింది. దుర్గేష్ తన సగం అందుకుని, మీద కట్టిన మీగడను నాలుకకు తగలనీయకుండా, చాలాసేపు తాగాడు.